రాజలింగం పద్దు

ముప్పై ఏళ్ల నాటి దుకాణాన్ని ఒక్క పెన్సిలు ముక్కతో రెండు వారాల్లో ఎలా ముంచవచ్చో నేర్చుకోవాలనుకునేవాళ్లు నా దగ్గరికి రావచ్చు. ఫీజు అక్కర్లేదు. నిప్పు పెట్టనవసరం లేదు, దొంగలు పడనవసరం లేదు. బీకాం చదివిన కొడుకు ఒకడుంటే చాలు. వరంగల్ బజారులో మా గిన్నెల దుకాణంలో ఆ పని నేను స్వయంగా చేసి చూపించాను. మునిగినదాన్ని మళ్లీ పైకి లాగింది కూడా నేనే. కానీ ఆ మాట ఇప్పుడే చెబితే మీరు నమ్మరు, అందుకని ముందు ముంచిన సంగతి చెబుతాను.

డెబ్బైల చివరి మాట ఇది. ఇంటింటా ఇత్తడిని అటకెక్కించి స్టీలును దించుతున్న రోజులు. నేను హన్మకొండలో బీకాం పూర్తిచేసి, లోకంలో ఉన్న దుకాణాలన్నీ నా సలహా కోసమే ఎదురు చూస్తున్నాయన్న నమ్మకంతో ఉన్నాను. సరిగ్గా పెళ్లి లగ్గాల సీజన్ ముందు మా బాపుకు కంటి ఆపరేషన్ అయింది. కంటికి కట్టు కట్టి, "నలభై రోజులు మెట్లు దిగొద్దు, అక్షరం చదవొద్దు" అన్నాడు డాక్టరు. మా ఇల్లు దుకాణం మీదే. బాపు పై గదిలో మంచం మీద, కింద గిన్నెలు, మధ్యలో మెట్లు.

దవాఖాన నుంచి వచ్చిన సాయంత్రమే బాపు మొలతాడుకున్న గల్లాపెట్టె తాళంచెవి విప్పి, తడుముకుంటూ నా చేతిలో పెట్టాడు.

"సదానందం, ఈ లగ్గాలు నువ్వే నడుపు. సీజన్ మంచిగ ఎల్లిందంటే ఈ తాళంచెవి ఇగ నీదే. నేను మల్ల అడగ."

"ఎల్లకపోతే, బాపూ?"

"నర్సంపేటల మీ మామ పురుగుమందుల దుకాణం పెట్టిండు గదా. ఆయన దగ్గర డబ్బాలు సదురుకుంట కూసుందువు."

మా మామ దుకాణానికి అంతకుముందు ఒక్కసారి వెళ్లాను. పది నిమిషాలు కూర్చున్నందుకు రెండు రోజులు అన్నం పురుగుమందు వాసన వేసింది. కాబట్టి నేను ఎంత పట్టుదలగా రంగంలోకి దిగానో మీరే ఊహించుకోండి.

మర్నాడు పొద్దున్నే చిట్టా తెరిచాను. పెద్ద తెల్లకాగితం మీద స్కేలు పెట్టి గళ్లు గీశాను. ఒక వైపు పద్దులు: బిందెలు, డేక్సాలు, పళ్లాలు, గిలాసలు, టిఫిన్ క్యారియర్లు. ఇంకోవైపు ఖర్చు గడి, ఆదాయం గడి. ఏ పద్దు ఎంత తింటోంది, ఎంత పెడుతోంది, తేల్చి పారేయాలని నా పథకం. మా బాపు ముప్పై ఏళ్లుగా ఈ పని చేయకుండా దుకాణం ఎలా నడిపాడా అని జాలిపడ్డాను కూడా. మధ్యాహ్నానికల్లా దొంగ దొరికాడు.

పద్దు పేరు: పేర్లు కొట్టుడు. ఖర్చు: రాజలింగం జీతం నెలకు నూట ఇరవై, రోజుకు నాలుగు చాయ్‌లు. ఆదాయం: ఏమీ లేదు. గడి మొత్తం ఖాళీ.

రాజలింగం గురించి చెప్పాలి. మా దుకాణం గడప అవతల పీట వేసుకుని, ఒళ్లో గిన్నె బోర్లించుకుని, చిన్న ఉలి, చిన్న సుత్తెతో టక్ టక్‌మని చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టేవాడు. లగ్గంలో ఎవరు ఏ గిన్నె పెట్టినా దాని మీద పెట్టినవాళ్ల పేరు, ఊరు ఉండాల్సిందే. మా దుకాణంలో కొన్న గిన్నెకు పేరు ఉచితం. ఆ ఉచితం అన్న మాట చూడగానే నా బీకాం ఒళ్లు మండిపోయింది.

"మామా, నీ పని మీద లెక్క తీసిన" అన్నాను గడప దగ్గరికి వెళ్లి.

"మంచిది చిన్నసేటు. ఎంతొచ్చింది?"

"సున్నా."

"సున్నా అంటే?"

"నీ పద్దు మీద దుకాణానికి ఒక్క పైస వస్తలేదు. ఏడాదికి పద్నాలుగు వందల నలభై పోతానయ్. చాయ్ పైసలు వేరే."

రాజలింగం సుత్తె దించి చాలాసేపు ఆలోచించాడు. "చాయ్‌ల శక్కెర తక్కువ ఏపిచ్చుకుంట" అన్నాడు.

"గది గాదు మామా. ఈ పద్దే బంద్ చేస్తాన."

"పద్దు బందయితదా, నేను బందయితనా?"

"రెండూ ఒకటే."

అతను ఉలి, సుత్తె తువ్వాలలో మూటగట్టుకుని, ఒకసారి మెట్లవైపు చూశాడు. "పెద్దసేటుకు చెప్పినవా?"

"బాపుకు ఫికర్ పెట్టొద్దన్నడు డాక్టరు."

ఆ డాక్టరు నా కోసమే ఆ మాట అన్నాడనిపించింది.

ఇక నా విజయయాత్ర మొదలైంది. పేర్లు కొట్టరా అని అడిగినవాళ్లకు, "పేరుకు బదులు రూపాయికి అయిదు పైసలు తగ్గిస్త" అనేవాణ్ణి. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని, తగ్గింపు తీసుకుని, వట్టి గిన్నెలు పట్టుకుపోయేవారు. పేరు కోసం గంటసేపు కూర్చోవడం లేదు కాబట్టి గిరాకీ చకచకా సాగింది. రోజూ సాయంత్రం మెట్లెక్కి బాపుకు లెక్క చదివి వినిపించేవాణ్ణి. నా గొంతు రోజురోజుకీ పెద్దదైంది.

"ఇయ్యాల పోయినేడు కంటె ఎక్కువ అమ్మినం బాపూ! ఖర్చు తక్కువ!"

"మంచిగున్నదిరా" అనేవాడు బాపు, కట్టు కింద నుంచి గోడవైపు తిరిగి.

నాలుగో రోజు మాత్రం వేరే ప్రశ్న వచ్చింది. "రాజలింగం సుత్తె సప్పుడు ఇనబడ్తలేదేందిరా?"

కళ్లకు కట్టు కట్టారు గానీ చెవులకు కట్టలేదన్న సంగతి నా లెక్కలో రాలేదు.

"జెరమొచ్చింది బాపూ."

"పాపం. దవాఖానకు పోయిండా?"

"పోయిండు. మాత్రలిచ్చిన్రు."

ఆరో రోజున జ్వరం టైఫాయిడ్ అయింది. ఏడో రోజున, "అయితె ఇంటికి పండ్లు పంపియ్యి" అన్నాడు బాపు. పంపించానని చెప్పాను. ఎనిమిదో రోజున, "రేపు మీ అమ్మను పంపిస్త, చూసొస్తది" అన్నాడు. టైఫాయిడ్ రాత్రికి రాత్రే నయమైపోయింది. వైద్యశాస్త్రంలో అలాంటిది మళ్లీ జరిగి ఉండదు.

నయమైతే చప్పుడు రావాలి కదా. మర్నాటి నుంచి గల్లా దగ్గర కూర్చుని, గిరాకీ లేనప్పుడల్లా సొట్టపోయిన ఒక పళ్లెం ఒళ్లో పెట్టుకుని మేకుతో, సుత్తెతో టక్ టక్ కొట్టడం మొదలుపెట్టాను. బీకాం సెకండ్ క్లాసులో పాసైనవాడు, దుకాణం యజమాని, లాభాల కోసం మనిషిని తీసేసి, ఆ మనిషి చప్పుడు తానే చేస్తున్నాడు. దయచేసి నవ్వకండి. మొదటిరోజు బొటనవేలి మీద రెండు దెబ్బలు తగిలాయి.

"రాజలింగం చెయ్యి ఒణుకుతాందా?" అన్నాడు బాపు ఆ సాయంత్రం.

"నీరసం బాపూ."

"మద్దెల మద్దెల అబ్బా అంటాండు?"

"టైఫాయిడ్ నొప్పులు."

అసలు ముప్పు పదో రోజున గుమ్మం దాటి లోపలికి వచ్చింది. అది మడికొండ నుంచి వచ్చిన ఒక పెళ్లికొడుకు తండ్రి రూపంలో ఉంది. చేతిలో మూడు బిందెలు.

"ఒక్కతీరు బిందెలు నాలుగొచ్చినయ్ సేటు. ఒకటుంచుకున్నం. ఈ మూడు వాపస్ తీస్కొని పైసలియ్యి. కింద మీ దుకాణం చీటీ ఉన్నది చూడు."

మా దుకాణంలో గోడకు బాపు రాయించిన బోర్డు ఒకటి ఉంది. "కొత్త సామాను కొత్తగానే తెస్తే వాపసు తీసుకోబడును." ఊరంతా మా దుకాణాన్ని నమ్మడానికి ఆ బోర్డు కూడా ఒక కారణం. బోర్డు ఎన్నో ఏళ్లుగా వేలాడుతున్నా వాపసు వచ్చిన సామాను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎందుకో నేనెప్పుడూ ఆలోచించలేదు. మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. కానీ మీరు బీకాం చదివి ఉండరు.

మూడు బిందెలకు పైసలిచ్చాను. తర్వాతి రోజు ఏడు డేక్సాలు వచ్చాయి. ఆ మర్నాడు రెండు డజన్ల గిలాసలు, పదకొండు టిఫిన్ క్యారియర్లు. పేరు కొట్టిన గిన్నెను ఎవరైనా దుకాణంలో ఎలా తిరిగిస్తారు? పేరు లేని గిన్నెకు ఆ అడ్డు లేదు. నేను అమ్మిన సామాను లగ్గాలు తిరిగొచ్చి, పసుపు కుంకుమలతో మళ్లీ మా అలమారాల్లో కూర్చుంటోంది. పైగా అయిదు పైసల తగ్గింపుకు అమ్మి, పూర్తి ధరకు వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకంటే చీటీ మీద పూర్తి ధరే ఉంది మరి.

పదిహేనో రోజున పాలంపేట కొమురమ్మ వచ్చింది. పది రోజుల కింద తన మేనకోడలి లగ్గానికి దుకాణంలోకెల్లా పెద్ద బిందె కొన్న మనిషి. ఇప్పుడు ఇంకో లగ్గానికి పళ్లాలు కావాలంది. పళ్లాలు చూస్తూ చూస్తూ అలమారా పై అరవైపు చూసి ఆగిపోయింది.

"కొడుకా, గా బిందె జర దించు."

దించాను. అంచుకు కట్టిన పసుపు దారం ఇంకా ఉంది.

"ఈ దారం నేను కట్టిన" అంది కొమురమ్మ నెమ్మదిగా. తర్వాత నెమ్మదిగా అనలేదు. "ఇది నా మేనకోడలికి నేను పెట్టిన బిందె! ఈడికెట్లొచ్చింది? దొంగసొమ్ము అమ్ముతానవా?"

"దొంగసొమ్ము గాదత్తా! పిల్ల అత్తగారోళ్లే వాపసిచ్చిన్రు."

"నేను పెట్టిన బిందె అమ్ముకున్నరా? వాళ్లు అమ్ముకుంటే నువ్వు కొన్నవా?"

"బోర్డున్నది గదత్తా..."

"నా పేరుంటే ఈ బిందె నీ దుకాణంల కూసుంటుండెనా? పేరు కొట్టుమని నేను అడగలేదా? నాలుగు రూపాయలు తక్కువ తీస్కుంటనని నువ్వు నా నోరు మూయలేదా? రేపు నా మేనకోడలు, మా అత్త ఏం పెట్టిందని అడిగితె ఏం చూపెడ్తరు? నీ మొకమా?"

బజారు సగం మా గుమ్మం ముందు చేరింది. ఆమె బిందెను చంకన పెట్టుకుని గల్లా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎదురుగా ఉన్న గిన్నెల దుకాణం సేటు నవ్వుతూ తొంగి చూశాడు. అప్పుడే పై నుంచి బాపు పిలిచాడు.

మెట్లెక్కాను. నా కాళ్లు మెట్లు లెక్కపెడుతూ ఎక్కాయి.

"ఒక్కటడుగుతరా సదానందం. రాజలింగం రెండు దుకాణాలల్ల ఒక్కసారే ఎట్ల కొడ్తాండు?"

"ఏంది బాపూ?"

"ఎదురుంగ దుకాణంల పదిదినాల సంది రాజలింగం సప్పుడు ఇనబడ్తాంది. మన దుకాణంల ఎవడో పొయ్యికట్టెలు కొట్టినట్టు కొడ్తాండు. వాడెవడు?"

రాజలింగం ఎదురు గడపకు మారిన సంగతి నేను చూసీ చూడనట్టే ఉన్నాను. నా బొటనవేలు నా వెనక్కి దాక్కుంది. సిగ్గుతో నేలలోకి పోవాలనిపించింది, కానీ కింద దుకాణంలో కొమురమ్మ ఉంది. మొత్తం చెప్పేశాను. బాపు తిడతాడనుకున్నాను, తిట్టలేదు.

"తాళంచెవి నీ దగ్గరనే ఉన్నది. లగ్గాలు ఇంక పద్దెనిమిది దినాలున్నయ్. నేనేం చెప్ప" అని గోడవైపు తిరిగాడు.

ఆ సాయంత్రం, రేపు రమ్మని కొమురమ్మను బతిమాలి పంపి, దుకాణం తొందరగా మూసి, పోయిన ఏడాది లగ్గాల బిల్లు బుక్కులన్నీ నేలమీద పరిచాను. ఏ గిన్నె మీద ఏ పేరు కొట్టాలో రాజలింగానికి తెలియడానికి, ప్రతి బిల్లు కింద పేర్లు రాసి ఉంచడం బాపు అలవాటు. పేర్లున్న బిల్లులు ఒక కుప్ప, లేనివి ఒక కుప్ప వేశాను. లేని కుప్పలో చంచాలు, చాయ్ జాలీలు, ఒకటో రెండో గిలాసలు. ఉన్న కుప్పలో బిందెలు, డేక్సాలు, లగ్గానికి లగ్గం మొత్తం సామాను. ఆ కుప్ప నా మోకాలిదాకా వచ్చింది. రాజలింగం ఆదాయం లేనివాడు కాడు. అతని ఆదాయమంతా పక్క గళ్లలో, బిందెల పేరున, డేక్సాల పేరున కూర్చుని ఉంది. నేను ఒక్క గడిని చూసి మనిషి ఖరీదు కట్టాను. నా మీద నాకే కోపం వచ్చింది. కానీ కాగితాల మధ్య కూర్చున్న ఆ గంటలోనే, బీకాం చదివినందుకు మొదటిసారి ఒక లెక్క నిజంగా అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే ఎదురు దుకాణం గడప ముందు నిలబడ్డాను.

"మామా, తప్పయింది. రా."

రాజలింగం తలెత్తలేదు. టక్ టక్. "నా పద్దు బందయింది గదా చిన్నసేటు."

"మల్ల తెరుస్త."

"సున్నా అంటివి."

"నాకు లెక్క రాలే మామా."

"బీకాం చదివినవ్ గదా?"

"చదివిన. రాలే."

లోపల సేటు పగలబడి నవ్వాడు. రాజలింగం మాత్రం నవ్వలేదు. సుత్తె పక్కన పెట్టి, "జీతం నూట యాభై" అన్నాడు.

"సరే."

"ఇంకొకటున్నది. పదిహేనేండ్ల సంది గడపవతల ఎండల కూసుంటాన. ఇగ లోపట ఫ్యాను కింద కూసుంట."

మా దుకాణంలో ఉన్నది ఒక్కటే ఫ్యాను. "ఆడ నేను కూసుంట గదా మామా?"

"ఎర్కే" అన్నాడు రాజలింగం.

అలా ఏప్రిల్ ఎండలో నేను గడప దగ్గర, రాజలింగం ఫ్యాను కింద. మొదటి పని కొమురమ్మ బిందె. "పెద్దగ కొట్టు. పిల్ల అత్తకు కండ్లద్దాలు లేకున్నా కనబడాలె" అని దగ్గర నిలబడి కొట్టించుకుంది. ఆ బిందె ఖరీదు నా జేబు ఖర్చులో రాసుకున్నాను. ఆమె బిందె ఎత్తుకుని, పోతూ పోతూ, "ఇప్పుడు మనిషివైనవ్" అని దీవించి పోయింది.

కానీ అలమారాల నిండా వాపసు సామాను. పద్దెనిమిది రోజులే ఉన్నాయి. అప్పుడు నా బుర్రలో ఒక ఆలోచన వచ్చింది. పెద్ద అట్టముక్క మీద రాసి గుమ్మానికి వేలాడదీశాను: "ఏ దుకాణంలో కొన్న గిన్నె అయినా సరే, పేరు ఇక్కడ ఉచితం."

రాజలింగం అది చదివి, "పాగల్ అయినవా? మంది గిన్నెల మీద మనం ఉత్తగ కొట్టుడేంది?" అన్నాడు.

"పేరు కొట్టేదాక గిన్నె ఇచ్చినోళ్లు ఎక్కడ కూసుంటరు మామా?"

"ఈడనే."

"కూసోని ఏం చూస్తరు?"

రాజలింగం అలమారాలవైపు చూశాడు. ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

ఇక చెప్పేదేముంది! ఊళ్ల నుంచి జనం మూటలు మూటలుగా గిన్నెలు తెచ్చారు. ఇద్దరు పని నేర్చిన చుట్టాలను రాజలింగం తోడు తెచ్చుకున్నాడు. పేరు కోసం గంట కూర్చున్న మనిషి ఊరికే ఎంతసేపు కూర్చుంటాడు? గిలాసలు తిప్పి చూశారు, క్యారియర్లు విప్పి చూశారు, కొన్నారు. కొన్నదాని మీద మళ్లీ పేరు. పేరు పడింది కనుక మళ్లీ వాపసు లేదు. వాపసు వచ్చిన పదకొండు క్యారియర్లు పదకొండు పేర్లతో పదకొండు ఊళ్లకు పోయాయి. చివరి వారంలో ఎదురు దుకాణం సేటు తన మరదలికి పెట్టే డేక్సా తువ్వాల కింద దాచుకుని మా గడప తొక్కాడు.

"జర నా పేరు కొట్టియ్యి సదానందం. ఎవ్వలకు చెప్పకు."

ఇన్నేళ్లూ ఎవ్వరికీ చెప్పలేదు. మీకు చెప్పడం వేరు.

నలభయ్యో రోజున బాపు సీసా అడుగుల్లాంటి కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగి వచ్చాడు. ఫ్యాను కింద రాజలింగాన్ని, గడప దగ్గర నల్లబడ్డ నన్ను చూశాడు. చిట్టా, నా గళ్ల కాగితం తెమ్మన్నాడు. రాజలింగానికి పెంచిన జీతం, వాపసులు, తగ్గింపులు అన్నీ పోయినా, పోయిన ఏడాది కంటే మిగులు ఎక్కువ. తాళంచెవి జేబులో చేత్తో గట్టిగా పట్టుకున్నాను. బాపు వేలు కాగితం మీద మెల్లగా కిందికి జారి, ఒక గడి దగ్గర ఆగింది.

"ఆదాయం లేని పద్దు బంద్ చెయ్యాలంటివట గదా?"

"అప్పుడన్న బాపూ. ఇప్పుడనను."

"లేదులే, మంచి మాటనే. అసొంటిది ఇంకొకటి చిట్టాల కనబడ్తాంది. మూడేండ్లు కాలేజీ ఫీజు. సైకిలు రిపేరు. ఇస్త్రీ బట్టలు. వారం వారం సినిమా. మొన్నటి బిందె పైసలు. పద్దు పేరు సదానందం. ఆదాయం గడి ఇరవై రెండేండ్ల సంది కాళీ. బంద్ చేద్దునా?"

దుకాణంలో సుత్తె చప్పుడు ఆగిపోయింది. గిరాకీ కూడా నావైపు చూసింది. ఫ్యాను కింద నుంచి రాజలింగం గొంతు సవరించుకున్నాడు.

"ఇంకొక్క సీజన్ చూడు సేటు. ఇప్పుడిప్పుడే పనికొస్తాండు."

బాపు చిట్టా మూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. తాళంచెవి అడగలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. నర్సంపేట డబ్బాలు మా మామే సర్దుకున్నాడు. నేను గడప దగ్గరే కూర్చుని, వరంగల్ బజారు మొత్తాన్ని గెలిచినవాడిలా మొహం పెట్టుకుని సాయంత్రందాకా గిరాకీ చూశాను.

కాబట్టి చదివే పెద్దలందరి ఎదుటా, చిట్టా మీద చెయ్యి వేసి, గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఆదాయం గడి ఖాళీగా ఉందని ఈ జన్మలో ఏ మనిషినీ పనిలోంచి తీసేయను. తప్పనిసరిగా ఎవరినైనా తీసేయాల్సి వస్తే, నాతోనే మొదలుపెడతాను, అదీ రాజలింగాన్ని అడిగాకే.